చిన్నదొర కాళ్ళు

మొన్న మా మునిమనవరాలు సెల్లు తెచ్చి నా ముక్కు మీద పెట్టింది, "జేజీ, చూడు ఎంత ముద్దుగా ఉందో" అంటూ. అద్దాలు సర్దుకుని చూశాను. బారెడు ఒళ్ళు, బెత్తెడు కాళ్ళు, నక్క మూతి, నిలబడ్డ చెవులు. పచ్చగడ్డిలో పొట్ట రాసుకుంటూ ఒక కుక్క పరిగెత్తుతోంది. ఇంగ్లండు రాజుల ఇంట్లో పెంచే జాతి అట. సినిమాల్లో కూడా వేషాలు వేస్తాయట. వాటికి వేరే గది, వేరే వంటమనిషి, పుట్టినరోజుకు కేకూ ఉంటాయట. ఆ పిల్ల ఇంకా చెప్పుకుపోతూనే ఉంది. నేను సెల్లు తోసేసి, తియ్యి దాన్ని నా ఎదుటనుంచి అన్నాను. పిల్ల బిత్తరపోయి అవతలికి పోయింది. ఎనభై దాటిన ముసలిదానికి కుక్క మీద ఏం కోపమో అనుకుని ఉంటుంది. కోపం కాదు తల్లీ, కుళ్ళు. డెబ్బై ఏండ్లు దాటినా ఆరని కుళ్ళు. ఎవరికి చెప్పుకునేది?

మాది వడమాలపేటకు నడిచి పోయేంత దూరంలో ఒక పల్లె. మా అవ్వ, అంటే నాయన తల్లి, పసిబిడ్డలకు నీళ్ళు పోయడంలో చుట్టుపక్కల పేరున్న మనిషి. ఏ ఇంట్లో కాన్పయినా మూడు నెలలదాకా ఆ బిడ్డ మా అవ్వదే. పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపి, వాటి మీద బిడ్డను పడుకోబెట్టుకునేది. ముందు గోరువెచ్చని వంటాముదం మాడుకు అద్దేది. తర్వాత కాళ్ళూ చేతులూ సాగదీసి, కుడిచేతిని ఎడమకాలికీ ఎడమచేతిని కుడికాలికీ కలిపి, ముక్కు నొక్కి, తల గుండ్రంగా వచ్చేటట్టు అరచేతుల మధ్య సవరించి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు గుమ్మరించేది. సాంబ్రాణి పొగ పట్టి, బుగ్గన కాటుకచుక్క పెట్టి తల్లి చేతికి ఇచ్చేసరికి బిడ్డ సగం నిద్రలో ఉండేది. దొడ్డికాళ్ళతో పుట్టినవాడు కూడా అవ్వ చేతిలో పడితే ఏడాది తిరిగేసరికి పరుగులు తీస్తాడని చెప్పుకునేవాళ్ళు. అప్పటికే అవ్వ కండ్లకు పొర కమ్ముతోంది. అయినా ఆమెకు కండ్లతో పనిలేదు. ఏ ఎముక ఎంత పెరిగిందో చేత్తో తాకి చెప్పేది.

నాకు ఎనిమిదేండ్లు వచ్చినా శుక్రవారం వచ్చిందంటే ఆ కాళ్ళ మీదే పడుకుని తలంటు పోయించుకునేదాన్ని. నా కాళ్ళు స్నానపు బండ దాటి బయట మట్టిలోకి పోయేవి. గాడిద మాదిరి ఎదిగినావు, సిగ్గు లేదా అని అమ్మ తిట్టేది. అవ్వ ఆ మాటలు చెవిన పెట్టేది కాదు. నా మోకాలు కింద చెయ్యి వేసి, పోయిన నెలకూ ఈ నెలకూ వడ్లగింజంత పెరిగినావు అమ్మణ్ణీ అనేది. ఎట్లా తెలుస్తుందని అడిగితే, చెయ్యికి తెలుస్తుంది అనేది, అంతే. ఊళ్ళో ఎంతమంది బిడ్డలు ఆ కాళ్ళ మీద పడుకున్నా నాకు బాధ లేదు. వాళ్ళంతా మూడు నెలలకు లేచి పోయేవాళ్ళు. నేను లేవను గాక లేవను. అదీ నా ధీమా.

మా పల్లెకు తూర్పున ఒక బంగళా ఉండేది. ఒకప్పుడు పాళెగాళ్ళ ఇల్లు. నాకు బుద్ధి తెలిసేసరికి వాళ్ళ పల్లకీకి చెదలు పట్టింది. ఏనుగు కొట్టంలో చెనిక్కాయ మూటలు వేసేవాళ్ళు. అయినా దసరాకు కత్తులకు పూజ చేసి, రైతులందరినీ వరసగా నిలబెట్టి దర్బారు జరిపేవాళ్ళు. ఆ ఇంటి దొరసానికి ఒక తెల్లదొర కుక్కపిల్లను ఇచ్చిపోయాడు. ఆయన అడవులు చూసే ఉద్యోగి. యుద్ధం పని మీద ఎక్కడికో పోతూ, దసరాకు వచ్చి తీసుకుపోతాను, అంతదాకా చూసుకోండి అని అప్పగించాడట. తెల్లదొర ఇచ్చిన కుక్క కాబట్టి పనివాళ్ళంతా దాన్ని చిన్నదొర అనేవాళ్ళు.

చిన్నదొర ఒళ్ళు పొడుగయింది. చెవులు లేచి నిలబడ్డాయి. కాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి. దొరసానికి దిగులు పట్టుకుంది. తిండి పెట్టక కాళ్ళు చచ్చుబడేటట్టు చేశారని తెల్లదొర అంటే ఆ ఇంటి పరువేం కావాలి? రాగిజావ పోయించింది, కోడిగుడ్లు పెట్టించింది. కాళ్ళు పెరిగితే హుండీలో వేస్తానని తిరుమల కొండకు మొక్కుకుని, నాలుగు వెండి కాళ్ళు కూడా చేయించి పెట్టుకుంది. కంసాలికి చేతికి అలవాటయినవి మనుషుల కాళ్ళే కదా, అయిదేసి వేళ్ళతో నాలుగు పసిబిడ్డ కాళ్ళు చేసి ఇచ్చాడు. ఇవేవీ పారక, ఒకరోజు పొద్దున మా అవ్వను పిలుచుకురమ్మని మనిషిని పంపింది.

అవ్వ వెంట నేనూ పోయాను. బంగళా వెనక వసారాలో దొరసాని కూర్చుని ఉంది, ఆమె కాళ్ళ దగ్గర కుక్క. ఇందరు బిడ్డల కాళ్ళు చక్కచేసిన దానివి, దీన్నీ నీ బిడ్డే అనుకో అని చెప్పింది. అవ్వ కుక్కను ఒళ్ళోకి తీసుకుని నాలుగు కాళ్ళూ తడిమింది. చాలాసేపు తడిమింది.

"ఎముక గట్టిగానే ఉండాదమ్మా. వంకర ల్యా, మెత్తన ల్యా. పొట్టిది, అంతే" అంది.

"ఆ పొట్టిదాన్నే గదా అవ్వా పొడుగు చెయ్యమంటాండేది" అంది దొరసాని.

బంగళా మాట కాదనే దమ్ము మా ఊళ్ళో ఎవరికీ లేదు. మూడు నెలలు చూద్దాం, నాలుగు వడ్లగింజలు పెరిగినా అదే పదివేలు, అంతకాడికి ఆపేస్తాను అని అవ్వ ఒప్పుకుంది. ఆ నాలుగు గింజల మాట నేను బాగా గుర్తు పెట్టుకున్నాను.

మర్నాటినుంచి మొదలయింది నా ఖర్మ. పొద్దున్నే అవ్వ బంగళాకు పోయేది. అదే పీట, అదే ఆముదం. మా అవ్వ కాళ్ళ మీద వెల్లకిలా ఆ కుక్క. కుడి ముందుకాలిని ఎడమ వెనకకాలికి కలపడం, ఎడమదాన్ని కుడిదానికి కలపడం, అంతా బిడ్డకు చేసినట్టే. వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టేది. అది తుమ్ముల మీద తుమ్ములు తుమ్మేది. దిష్టి తగలకుండా దాని నెత్తిన కాటుకచుక్క కూడా పెట్టేది. మొదటి రెండు రోజులు గింజుకుంది. మూడో రోజు అవ్వ గొంతు వినగానే అదే పరిగెత్తుకొచ్చి పీట పక్కన వెల్లకిలా పడుకుంది. అవ్వకు ముసిముసి నవ్వు. "నా బంగారుకొండ, నా చిట్టితండ్రి" అంటూ కాళ్ళు సాగదీసేది. బంగారుకొండ నేను కదా. ఆ మాట నాదని ఊరంతా తెలుసు. అది విన్నరోజు నేను సంగటి ముద్ద ముట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి అవ్వ చేతులు లాగేవి. శుక్రవారం నేను నూనెగిన్నె పట్టుకుని ఎదుట నిలబడితే, చేతులు పడిపోతున్నాయి అమ్మణ్ణీ, వచ్చే వారం పోస్తాను అనేది. వచ్చే వారమూ అదే మాట. అమ్మ నన్ను బావి దగ్గరికి లాక్కుపోయి, ఎనుమును కడిగినట్టు నాలుగు చెంబులు కుమ్మరించి పంపేది. అవతల మా నాయనకు వేరే మంట. మనుషులకు దీపంలోకి కిరసనాయిలు దొరకని కాలంలో కుక్కకు ఆముదంతో తలంటా అని గొణిగేవాడు. ఒకరిద్దరు బాలింతలు, కుక్కను తాకిన చేత్తో మా బిడ్డను తాకుతావా అని ముఖం తిప్పుకున్నారు. అవ్వ బావి దగ్గర బూడిదతో చేతులు తోముకుని, చీర మార్చుకుని పోయి వాళ్ళ బిడ్డలకు నీళ్ళు పోసేది. ఎముక ఎవరిదయినా ఎముకే అనేది.

నేను చెయ్యని వెధవపని లేదు. బంగళాలో పీట దాచాను. వేరే పీట తెచ్చుకున్నారు. దాని గిన్నెలోని కోడిగుడ్డు నేను తిన్నాను. అది నా వేళ్ళు నాకింది. ఎవరూ చూడకుండా చెవి మెలిపెట్టాను. నేను తనతో ఆడుకుంటున్నానేమో అనుకుని ఎగిరి గంతులేసింది. కనీసం నన్ను కరిచి ఉంటే ఏడ్చి గోల చేసి ఉండేదాన్ని. ఆ ముచ్చటా తీర్చలేదు అది.

అప్పుడు దారం వచ్చింది. కాళ్ళు పెరుగుతున్నాయో లేదో ఆనవాలు కావాలని దొరసాని అడిగితే, అవ్వ ఒక నల్లదారం తెచ్చుకుంది, పిల్లలకు మొలతాడు కట్టే దారం. కుక్క పాదం దగ్గర ఒక కొస నేను పట్టుకోవాలి. అవ్వ దారాన్ని చంకదాకా సాగదీసి, వేలితో చంక తడిమి చూసుకుని, అక్కడ ముడి వెయ్యాలి. వారం వారం అదే దారం మీద కొలత. మొదటి ముడి పడింది. పోయిన వారం ముడికి పైన కొత్త ముడి పడితే కాలు పెరిగినట్టు.

రెండో శుక్రవారం నా బుర్రకు పాడు ఆలోచన వచ్చింది. నాలుగు గింజలు పెరిగితే అవ్వ ఆపేస్తానంది కదా. దారం కొసను పాదానికి సరిగ్గా ఆనించకుండా, వడ్లగింజంత కిందికి జార్చి పట్టుకున్నాను. పొర కమ్మిన కండ్లకు అది ఆనలేదు. అవ్వ చంక తడిమి చూస్తే పాత ముడి కిందికి దిగి ఉంది. అవ్వ ఆగిపోయింది. దారం వదిలి, కాలు మీద చెయ్యి వేసి చూసుకుంది. మళ్ళీ దారం పట్టుకుంది.

"చేతికి తెలీల్యా. దారం మాత్రం పెరిగిందంటాండాది" అని కొత్త ముడి వేసింది.

నాలుగు వారాలకు నాలుగు గింజలు పెంచాను. ఇక రేపటినుంచి అవ్వ నాదే అనుకుని ఆ పూట సంగటి రెండు ముద్దలు తిన్నాను. దొరసాని ఆ దారం చూసి పొంగిపోయి, అవ్వకు కొత్త చీర పెట్టి, నాలుగు పెరిగినవి ఇంకో నాలుగు పెరగవా, దసరాదాకా వదిలేది లేదు అంది. పైగా రోజుకు రెండుపూటలా చెయ్యమంది. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను. ఇప్పుడు దారం ఆగిపోతే ఎక్కడ పట్టుబడతానో అని భయం. అందుకని అప్పుడప్పుడు ఇంకో గింజ జార్చక తప్పలేదు. ముడి పడినప్పుడల్లా అవ్వ ఒకసారి తన అరచేతిని కండ్లకు దగ్గరగా పెట్టి చూసుకునేది. అప్పట్లో ఎందుకో నాకు అర్థం కాలేదు.

దసరా నెల్లాళ్ళు ఉందనగా పుత్తూరులో డేరా సినిమా పడింది. నాయన బండి కట్టి సాయంత్రం ఆటకు మమ్మల్ని తీసుకుపోయాడు. అవ్వ రాలేదు, ఆమెకు తెర మీద మసక తప్ప కనిపించదు. ఇసకలో కూర్చుని, వేయించిన చెనిక్కాయలు వలుచుకుంటూ చూస్తున్నాం. ఆ రోజుల్లో అసలు ఆటకు ముందు యుద్ధం వార్తల రీలు వేసేవాళ్ళు. ఓడలు, ఫిరంగులు, టోపీలు. దాని నడుమ ఇంగ్లండు రాజుగారి తోట వచ్చింది. ఆయన కూతుళ్ళు ఇద్దరు గడ్డిలో కూర్చుని ఉన్నారు. వాళ్ళ పక్కన చిన్నదొర. ఒకటి కాదు, రెండు. అదే ఒళ్ళు, అదే మూతి, అవే బెత్తెడు కాళ్ళు. బాగా ఈడొచ్చిన కుక్కలు, అయినా పొట్ట నేలకు తగులుతోంది. ఒకటి పోయి పెద్దపిల్ల ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

నా చేతిలో చెనిక్కాయలు ఇసకలో పడ్డాయి. వాటి కాళ్ళు అంతేనన్నమాట. రాజుగారి ఇంట్లో మేసినా అంతేనన్నమాట. తర్వాత వేసిన సినిమా ఏమిటో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ రాజు కూతుళ్ళకూ ఒక అవ్వ ఉంటుందేమో, ఆమె ఒళ్ళో కూడా ఈ కుక్కే ఉంటుందేమో అని మాత్రం అనుకున్నాను. వాళ్ళ మీద జాలిపడ్డాను కూడా, చూడండి నా తెలివి.

ఆ రాత్రే అవ్వకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెబితే, మరి దారం ఎట్లా పెరిగింది అని అడుగుతుంది. అదొక్కటే కాదు. తెల్లదొర వస్తే కుక్కను తీసుకుపోతాడు. ఏమీ చెయ్యకుండా నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పీడ విరగడవుతుంది. నోరు మూసుకుని కూర్చున్నాను. అవ్వ మాత్రం రెండుపూటలా కాళ్ళు సాగదీస్తూనే ఉంది.

దసరా దర్బారు రోజు తెల్లదొర వచ్చాడు. ఎర్రటి మనిషి, మెత్తటి మాట. చిన్నదొర ఆయన్ను చూసి మెలికలు తిరిగిపోయింది. దొరసాని ముందే క్షమాపణ మొదలుపెట్టింది. కాళ్ళు తక్కువ పెరిగాయి, మా తప్పు లేదు, నీళ్ళు పోయించాం, మునుపటి మీద చాలా పెరిగాయి అని చెప్పించి, మా అవ్వను ముందుకు పిలిచింది. అవ్వ కొత్త చీర కట్టుకుని, నల్లదారాన్ని రెండు చేతుల్లో దేవుడి ప్రసాదం పట్టుకున్నట్టు పట్టుకుని వెళ్ళింది. ఊరంతా చూస్తోంది.

బంగళా గుమాస్తా అంతా ఇంగ్లీషులో చెప్పాడు. తెల్లదొర కాసేపు అర్థం కానట్టు చూసి, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ జాతి కుక్కల కాళ్ళు పుట్టుకతో అంతేనట, పశువుల మడమలు కరిచి తోలే కుక్కలట, వాళ్ళ రాజు కూడా వీటినే పెంచుతాడట. మరి ఈ దారం సంగతేమిటని గుమాస్తా తానే వంగి కొస పాదానికి ఆనించి కొలిచాడు. మొదటి ముడి సరిగ్గా చంక దగ్గర కూర్చుంది. చివరి ముడి ఎక్కడో వీపు మీదికి పోయింది. దర్బారంతా గొల్లుమంది. దొరసాని ముఖం ఒక్క క్షణం నల్లబడింది. ఆ తర్వాత ఆమె కూడా తెల్లదొరతో కలిసి నవ్వేసి, ఈ గుడ్డిముసలిని నమ్మి ఇంత పని చేశాం అనేసింది. మూడు నెలలుగా రోజూ మా అవ్వతో కష్టసుఖాలు చెప్పుకున్న మనిషి ఆమె.

అవ్వ కింద కూర్చుని కుక్క కాలు ఒకసారి తడిమింది. అది అలవాటుగా వెల్లకిలా తిరిగి పడుకుంది. ఆ పూటే తెల్లదొర దాన్ని మోటారులో ఎక్కించుకుపోయాడు.

ఇంటికి తిరిగి వస్తుంటే చెనిక్కాయ చేల గట్టు మీద అవ్వ ఆగింది. దారం ఇంకా చేతిలోనే ఉంది.

"అమ్మణ్ణీ, కింది కొస నువ్వు సరిగ్గానే పట్టుకున్నావు గదా?" అని అడిగింది.

"సరిగ్గానే పట్టుకున్నానవ్వా" అన్నాను.

అవ్వ తలూపింది. "దారానికి ఉండేది రెండు కొసలే. నీది సరిగ్గా ఉంటే తప్పు నా చేతిలో ఉండాది. పెరగల్యా, పెరగల్యా అని చెయ్యి దినామూ చెప్తానే ఉన్నింది. ముసలి చెయ్యి, దానికేం తెలుసులే అని దారాన్ని నమ్మితి. సూస్తే సంక యాడుండాదో కూడా వేలికి తెలీల్యా" అంది. దారం గట్టు మీద పడేసి నడిచింది.

వారం తిరక్కముందే పక్కవీధిలో కాన్పయింది. వాళ్ళు నవ్వినవాళ్ళు కారు, మర్యాదగానే వచ్చి పిలిచారు. సంక ఎక్కడుందో తెలియని చెయ్యిని పచ్చిబిడ్డ మాడు మీద ఎట్లా పెట్టేదని, అవ్వ వాళ్ళను వేరే ఊరి మనిషి దగ్గరికి పంపించేసింది. ఆ తర్వాత ఇంకో ఇల్లు వచ్చింది. వాళ్ళనూ పంపించేసింది. కొన్నాళ్ళకు పిలవడమే మానేశారు. పీట అటక ఎక్కింది. బంగళా కూడా తర్వాత ఎన్నో ఏండ్లు నిలవలేదు. దర్బార్లు పోయాయి, ఆ వెండి కాళ్ళు కొండకు చేరాయో ఎవరి పెట్టెలో ఉండిపోయాయో తెలియదు.

నాకు మాత్రం కోరింది దక్కింది. ఆ శుక్రవారం అవ్వే నన్ను పిలిచి కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. కుక్క లేదు, ఊళ్ళో బిడ్డలు లేరు, ఆ ఒళ్ళంతా నాదే. ఆముదం వాసన, సాంబ్రాణి వాసన, అన్నీ మునుపటివే. అవ్వ చెయ్యి మోకాలు దాకా వచ్చి ఆగింది. వడ్లగింజ మాట వస్తుందని కండ్లు మూసుకుని కాచుకున్నాను.

"ఎంత పెరిగినావో నువ్వే చెప్పు అమ్మణ్ణీ. నాకు తెలీదు" అంది.

చెప్పాను, ఏదో ఒకటి. ఆ తర్వాత అవ్వ బతికిన నాలుగేండ్లూ శుక్రవారం శుక్రవారం చెబుతూనే ఉన్నాను. నీ చెయ్యి తప్పు కాదవ్వా, కింది కొస నేనే జార్చాను అనే మాట ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆమె చెయ్యి ఆమెకు తిరిగి వచ్చేది, ఊళ్ళో బిడ్డలు తిరిగి వచ్చేవాళ్ళు. నన్ను మాత్రం ఒళ్ళోంచి దింపేస్తుందేమో అనిపించేది. దిగడానికి నాకు మనసొప్పలేదు. అట్లాగే పోయింది ఆమె.

సాయంత్రం మునిమనవరాలు మళ్ళీ వచ్చి పక్కన కూర్చుంది. పాపం ఆ కుక్క నిన్నేం చేసింది జేజీ అని అడిగింది. ఏమీ చెయ్యలేదు అన్నాను. అది నిజం. మూడు నెలలు మా అవ్వ ఒళ్ళో పడుకుని, ఒక్కరోజు కూడా ఆ చేతికి అబద్ధం చెప్పలేదు అది. అందుకే దాన్ని చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళు.